నూనె పెట్టని సైకిల్

కంచె అవతల ఎవరో నిలబడ్డం చూసి అమ్మాయి పగ్గం బిగించింది.

అదే క్షణంలో అక్కడ గొడుగు టప్పున విచ్చుకుంది.

తేనె ఒక్క గెంతు గెంతింది. దాని వీపు మీదున్న అమ్మాయి ఇసుకలో కూలబడింది.

తేనె అంటే నాలుగేళ్ల ఆడగుర్రం. ఒంటి రంగును బట్టి పెట్టిన పేరు. పోటీల్లో దూకే గుర్రంగా తయారుచేసి అమ్ముదామని, రెండేళ్ల క్రితం వేలంలో కొన్నారు తండ్రీ కూతుళ్లు. అడ్డకర్రల మీంచి దూకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. బెదురొక్కటే దాని జబ్బు. ఆ బెదురు చూసి ఇద్దరు కొనేవాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

"నెలాఖరులోగా మంచి చోటు దొరక్కపోతే దళారీకిచ్చేస్తా" అని తేల్చేశాడు తండ్రి.

దళారీ చేతిలో పడ్డ గుర్రం ఎన్ని లాయాలు మారుతుందో, ఎవరి దెబ్బలు తింటుందో అమ్మాయికి తెలుసు. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. లాయం చుట్టుపక్కల చప్పుడన్నది లేకుండా చేసింది. రేడియో కట్టేయించింది.

"ఇక తుమ్మాలన్నా నీ పర్మిషన్ తీసుకోవాలి కాబోలు" అని గొణుక్కున్నాడు తండ్రి.

అలాంటి చోటికి ఊడిపడ్డాడు ఈ గొడుగు పెద్దాయన.

అమ్మాయి ఇసుక దులుపుకుంటూ కంచె దగ్గరికి వెళ్లింది.

"వానా లేదు, ఎండా లేదు. గొడుగెందుకు తాతగారూ?"

"తప్పైపోయిందమ్మా."

గొడుగు ముడిచి సైకిలెక్కాడు. సైకిల్ కిర్రు కిర్రుమంటూ కదిలింది. తేనె తలెత్తి సన్నగా సకిలించింది.

"చూశారా, ఎలా హడలిపోతోందో" అంది అమ్మాయి.

తప్పైపోయిందన్న మనిషి మర్నాడు మళ్లీ తయారు. ఈసారి హ్యాండిల్‌కి వేలాడుతున్న క్యాన్ మూత ఠంగుమని రాళ్ల మీద పడింది.

"ఖాళీ క్యాన్ వేసుకుని ఎక్కడికండీ?"

"అలవాటమ్మా."

"కనీసం ఆ సైకిల్‌కి కాస్త నూనె పెట్టుకోకూడదూ? నేనే తెచ్చిస్తా."

"వద్దు తల్లీ. దానికి నూనె పడదు."

అమ్మాయి విసురుగా తిరిగి తేనె దగ్గరికి వెళ్లిపోయింది.

మూడోనాడు ఆయనే నోరు విప్పాడు. "కోప్పడనంటే ఒక్క మాట. అది బెదిరేకంటే ముందు నువ్వు బెదురుతున్నావమ్మా. నన్ను చూడగానే నీ చేతిలో పగ్గం బిగుస్తోంది. ఏదో ముంచుకొస్తోందని దానికి చెబుతోంది నువ్వే."

"మీరెప్పుడైనా గుర్రమెక్కారా?"

"లేదమ్మా. నాకు భయం."

తండ్రి పకపకా నవ్వాడు. అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఆ పంతంతోనే పగ్గం వదులు చేసి, విప్పిన గొడుగు ముందునుంచి రెండు చుట్లు తిప్పింది. తేనె చెవులు కదిపింది. అంతే.

అదంతా తన ప్రతాపమే అనుకుంది అమ్మాయి.

మూడు వారాలు రోజూ ఇదే తంతు. ఆయన ఒకరోజు దగ్గరగా, ఒకరోజు దూరంగా నిలబడి ఏదో ఒక చప్పుడు చేసేవాడు. ఆమె విసుక్కునేది. కానీ చేతులు మాత్రం బిగించడం మర్చిపోయాయి.

చివరికి ఒక సాయంత్రం అమ్మాయి అడిగేసింది. "రేపు కొనేవాళ్లొస్తున్నారు తాతగారూ. రేపొక్కరోజు మాత్రం రాకండి. మీకు పుణ్యముంటుంది."

"ఎవరమ్మా వచ్చేది?"

"పోటీల్లో పాల్గొనే ఆవిడ. ముసలివైపోయిన గుర్రాల్ని కూడా అమ్మకుండా తన దగ్గరే ఉంచుకుంటుందట."

పెద్దాయన కళ్లు మెరిశాయి. "ఐతే రానులే. ఒక్కసారి దాని మొహం నిమిరిపోనా?"

"వద్దండీ. కొత్తవాళ్లంటే దానికి పడదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలాడించి, గొడుగు కంచెకు తగిలించాడు. "ఇది ఇక్కడుండనీ తల్లీ. దానికి అలవాటైంది."

సైకిల్ మలుపు తిరిగేదాకా తేనె సకిలిస్తూనే ఉంది.

మర్నాడు సరిగ్గా బేరం వేళకే వాన ముంచుకొచ్చింది. రేకుల కప్పు మోతెక్కిపోయింది. కొనేవాళ్లు తెచ్చిన లారీ తలుపు ధడాలున కిందపడింది. వచ్చినవాళ్లంతా టపటపా గొడుగులు విప్పారు.

తేనె కదలలేదు. ఆవిడ ఎక్కితే నడిచింది, పరిగెత్తమంటే పరిగెత్తింది, ఆ వానలోనే ఆరు అడ్డకర్రలూ దూకేసింది.

"ఇక ఇది నాది" అంది ఆవిడ దిగుతూ, దాని మెడ కౌగిలించుకుని. "ఇంత నిబ్బరం దీనికెవరు నేర్పారు?"

"నేనే..." అనబోయింది అమ్మాయి.

ఆవిడతో వచ్చిన పశువుల డాక్టర్ గుర్రం కాళ్లు పరీక్షించి లేస్తూ కంచె వైపు చూశాడు.

"ఈ గొడుగు ఇక్కడికెలా వచ్చింది? సైకిలాయన వచ్చాడా?"

"మీకు తెలుసా ఆయన?"

"తెలియకపోవడమేంటమ్మా? ఇది పుట్టింది నా చేతుల మీదే. ఆ పూటే దీని తల్లి పోయింది. ఆయన ఇది పుట్టిన గుర్రాల ఫారంలో లద్దెలెత్తే మనిషి. వానైనా ఎండైనా ఈ గొడుగేసుకుని, రెండు గంటలకోసారి క్యాన్‌లో పాలు తెచ్చి పట్టేవాడు. అలా ఐదు నెలలు. ఫారం మూసేసి దీన్ని వేలానికి తోలిన రోజున పసివాడిలా ఏడ్చాడు."

లారీలోకి ఎక్కుతున్న తేనె ఆగి, గొడుగు వైపు మెడ చాచి సన్నగా సకిలించింది. అది బెదురు కాదని అమ్మాయికి అప్పుడు తెలిసింది.

రోడ్డు మలుపుదాకా చూసింది. ఎవరూ లేరు.

"సైకిల్‌కి నూనె పెట్టుకోండని రోజూ ఆయన్ని సతాయించాను డాక్టర్‌గారూ" అంది అమ్మాయి.

డాక్టర్ గొడుగును కంచె మీంచి తీసి ఆమె చేతికిచ్చాడు.

"నేనూ అప్పట్లో పోరేవాణ్నమ్మా. 'వద్దండీ, ఆ చప్పుడు వింటేనే అమ్మొస్తోందని లేచి నిలబడుతుంది' అనేవాడు."