బచీచా తాత పందెం

"శవపేటికా? ఎవరు పోయారు?" అన్నాడు సిల్వానో, సగం దించిన షట్టరు కింద నుంచి తల బయటపెట్టి.

"ఎవరేంట్రా? మీ జట్టే!" అన్నాడు ఉగో. వెనక నిలబడ్డ ఎర్రజట్టు బృందం పగలబడి నవ్వింది.

ముందురోజు, ఆదివారం సాయంత్రం, సీజను ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తెల్లజట్టు ఓడిపోయి పై లీగు నుంచి కింది లీగులోకి జారిపడింది. మొదట్లో ఎర్రజట్టుని మూడు గోల్సుతో చిత్తు చేసి, జెనోవా రేవంతా కాలరెగరేసుకు తిరిగిన జట్టే అది. చలికాలం వచ్చేసరికి గెలవడమనేదే మర్చిపోయింది. ఊళ్లో ఒక జట్టు జారితే రెండో జట్టు వాళ్లు దానికి శవయాత్ర చేయడం అక్కడి మర్యాద. ఆ మర్యాద చేసే భాగ్యం కోసం చేపల కొట్టు ఉగో ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. అందుకే సోమవారం పొద్దున్నే కొట్టు కూడా తెరవకుండా వచ్చేశాడు.

పేటలో శవపేటికలు అమ్మేది సిల్వానో ఒక్కడే. ఉగోతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడు, పుట్టుకతోనే తెల్లజట్టువాడు. ఓడిన జట్టుకి పాడె కూడా వాడి చేతే కట్టించడం! ఉగోకి కడుపు నిండినట్టయింది. సిల్వానో కళ్లు వాచి ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు.

"ఏడ్చావా?"

"ఏడవనా మరి?"

"ఆట కోసం ఇంత ఏడుపేంట్రా! సరే, మీ నాన్నేం చేస్తున్నాడు?"

సిల్వానో తలెత్తి చూశాడు. కొట్టు మీది వాటాలో కిటికీ తలుపులు బిగించి ఉన్నాయి.

"పడుకున్నాడు."

"పడుకోక ఏం చేస్తాడు! మొహం చూపించాలిగా!"

ఉగో అసలు కచ్చ ఆ ముసలాడి మీదే. తొంభై దాటిన బచీచా తాత మంచం పట్టకముందు రోజూ కాఫీ కొట్లో కూర్చుని ఎర్రజట్టుని ఏకిపెట్టేవాడు. ఒకరోజు అందరి ముందూ ఉగో చెయ్యి పట్టుకుని, "ఒరే చేపలోడా, నేను బతికుండగా మా జట్టు కింది లీగులోకి దిగితే మీ ఎర్రజెండా భుజానేసుకుని పేటంతా తిరుగుతా. దిగకపోతే నువ్వు నన్ను భుజాన మోయాలి. సరేనా?" అన్నాడు. "సరే తాతా" అన్నాడు ఉగో. అప్పటినుంచి ప్రతి సీజనూ ఆ జట్టు చావుతప్పి కన్నులొట్టపోయినట్టు బయటపడుతూనే ఉంది. ప్రతి వేసవిలోనూ ముసలాడు ఉగో భుజం తడిమి, "బాగా తిను, బలం కావాలి" అనేవాడు. ఆ మాట ఉగోకి ఒళ్లంతా కారం రాసినట్టుండేది.

"పందెం గుర్తుందా మీ నాన్నకి?"

"ఎందుకుండదు? మొన్న కూడా ఆ మాటే ఎత్తాడు."

"అయితే రేపు మా శవయాత్ర కిటికీలోంచి చూడమను. బాకాలు చెవులు చిల్లులు పడేట్టు ఊదిస్తాం."

"కిటికీ దగ్గరికి రాలేడు" అన్నాడు సిల్వానో. కాసేపు ఆలోచించి, "చూద్దాంలే, ఎలాగోలా తోడుంటాడు. పేటిక ఇస్తాను. అద్దె వద్దు. కానీ నా మాట వినాలి" అన్నాడు.

"చెప్పు."

"ఖాళీ డొల్ల కాదు, మంచి అక్రోటు చెక్కది ఇస్తా. మూత మరలు బిగించే ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు, లోపలంతా తెల్లపట్టు. మోసే ఆరుగురిలో నువ్వు ముందుండాలి. స్మశానం గేటు దాకా కింద పెట్టకూడదు."

"నువ్వు చెప్పాలట్రా? నేనే ముందుంటా!"

"పైన నాన్న జెండా కప్పుతాను."

పుండు మీద కారం చల్లుదామని వస్తే వీడే కారప్పొడి తెచ్చి చేతిలో పెడుతున్నాడని ఉగో మురిసిపోయాడు.

మంగళవారం సాయంత్రం యాత్ర బయల్దేరింది. ముందు బాకాలు, డప్పులు. ఉగో బృందంలోని రెంజో నల్ల గౌను తొడుక్కుని, చచ్చిన జట్టు పెళ్లాంలా గుండెలు బాదుకుంటున్నాడు. మేడల మీంచి ఆడవాళ్లు నవ్వుతూ పూలు విసిరారు. తెల్లజట్టు వాళ్లు సందు మలుపులో కాచుకుని టమాటాలతో కొడతారని ఉగో ఆశపడ్డాడు. ఏదీ? వాళ్లలో పదిమంది ముసలివాళ్లు టోపీలు తీసేసి, మారుమాట్లాడకుండా వచ్చి వెనక చేరారు. కొట్లాట లేకపోయేసరికి ఉగోకి పండగలో ఉప్పు తగ్గినట్టనిపించింది.

"ఏంట్రా ఇంత బరువు!" అని మూలిగాడు పక్కవాడు.

"అక్రోటు చెక్కరా, ఓర్చుకో" అన్నాడు ఉగో. అతని భుజం అప్పటికే ఒరుసుకుపోయింది.

కాఫీ కొట్టు ముందుకి రాగానే వెనక నుంచి వెక్కిళ్లు వినిపించాయి. సిల్వానో నల్లకోటు వేసుకుని, పసిపిల్లాడిలా ఏడుస్తూ నడుస్తున్నాడు. ఉగోకి ఎందుకో కాస్త సిగ్గేసింది. బాకాలవాళ్లని కాసేపు ఆగమని సైగ చేశాడు.

స్మశానం గేటు దగ్గర పేట ఫాదర్ చేతిలో పుస్తకంతో నిలబడి ఉన్నాడు.

"అరే, ఫాదర్ కూడా మనవాడేనా! ఇన్నాళ్లూ చెప్పలేదే!" అన్నాడు ఉగో.

పేటికని నెమ్మదిగా దించారు. ఉగో భుజం రుద్దుకుంటూ సిల్వానో వైపు తిరిగాడు.

"ఇక పందెం సంగతి తేల్చు. రేపు మీ నాన్న మా జెండా మోస్తాడా, లేదా?"

"మోయడు. ఓడింది నువ్వురా, ఉగో."

"అదెలా? ఆదివారం మీ జట్టు దిగిందా, లేదా?"

"దిగింది."

సిల్వానో పేటిక మీది జెండా సర్ది, టోపీ తీశాడు.

"నాన్న శనివారమే పోయాడు."