తాళం వేసిన చేను

"తాళం తియ్యి వదినా. బతిమాలడం అయిపోయింది, ఇక కాళ్ళు పట్టుకోవడమే మిగిలింది."

వదిన కంచె తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె వెనక, ఎండకు గిడసబారిన జొన్నచేను ఈమధ్య పడ్డ నాలుగు చినుకులకే మళ్ళీ పిలకలేసి పచ్చగా ఊరిస్తోంది. చుట్టూ మేతబీళ్ళలో మట్టి తప్ప ఏమీ లేదు. మరిది ఆవులు నిలబడ్డచోటే తూలుతున్నాయి.

"వాములో మిగిలిన ఎండుగడ్డి అంతా తోలుకుపో. ఊరికే ఇస్తాను."

"ఆ బూజు గడ్డా? చూడి ఆవు వాసన చూసి మొహం తిప్పేసుకుంది."

"అయితే ఇంకెక్కడైనా చూసుకో. ఈ చేను మాట మాత్రం ఎత్తకు."

"నీ మందనంతా అమ్మేశావుగా. ఎవరికోసం దాస్తున్నావు?"

వదిన మొహం మాడిపోయింది.

అన్న పోయాక మందను ఒంటిచేత్తో నడిపిన మనిషి. పశువుల విషయంలో ఆమె మాటంటే అందరికీ గురి, ఆమెకు మరీనూ. మొన్నామధ్య రాత్రికి రాత్రి ఆవులన్నీ అమ్మేశానని చెబితే, ముందుచూపంటే అదీ అని నలుగురిలో పొగిడింది ఈ మరిదే. ఇప్పుడు తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండింది.

మర్నాడు వదిన పనిమీద బస్సెక్కగానే గునపం తెచ్చి తాళం పగలగొట్టాడు.

"వదిన ఊరుకుంటుందా?" అంది భార్య.

"తిడితే పడతాను. ఆవులు పోతే ఏం చేస్తాను?"

మంద ఒక్కుమ్మడిగా చేలో పడింది. పరపరా మేస్తున్న చప్పుడు వింటూ అతను చాన్నాళ్ళకు నవ్వాడు. భార్య కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ముందుగా చూడి ఆవు తల ఎత్తింది. నోట నురగ. కాళ్ళు తడబడి అక్కడికక్కడే కూలింది. దాని పక్కది, ఆ వెనకది. అతను కర్రతో బాదుతూ మిగతావాటిని బయటికి తోలాడు. అవీ గట్టు దాటి పడిపోయాయి.

బస్సు దిగిన వదిన సంచీ వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చూడి ఆవు పక్కన చతికిలబడి దాని పొట్టమీద చెయ్యి వేసింది.

"ఏం మందు చల్లావు వదినా?"

"మందు కాదు. ఎండకు మాడిన జొన్న మళ్ళీ వేసే పిలకే విషం."

అతను చేతిలో కర్ర అవతల పారేశాడు.

"ఇంత తెలిసినదానివి, నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

ఆమె తల ఎత్తలేదు.

"నేను ఆవుల్ని అమ్మలేదు."