నాలుగో అప్పీలు

“ఇదీ పోయింది సార్” అంటూ గుమాస్తా ఉత్తర్వును కిటికీలోంచి ముందుకు తోశాడు.

విశ్రాంత సార్జెంటు కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. మునుపటి మూడు అప్పీళ్లకు వచ్చిన జవాబే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ వచ్చింది. సైనిక లారీని మితిమీరిన వేగంతో నడిపి బోల్తా కొట్టించినవాడు క్షతగాత్రుడే గనుక, అతడు వైకల్య భృతికి అనర్హుడు.

ఆ క్షతగాత్రుడు పక్కనే చక్రాల కుర్చీలో ఉన్నాడు. ప్రమాదం జరిగిన నాటి నుంచి పద్నాలుగేళ్లుగా అతనికి మాట లేదు. మనుషుల గుర్తు లేదు.

అతని భార్య అతని గడ్డం తుడుస్తూ అడిగింది. “ఏమన్నారు అన్నయ్యగారూ?”

“కుదరదన్నారమ్మా.”

“సోమవారానికల్లా ఆస్పత్రిలో మంచం ఖాళీ చెయ్యమన్నారు. భృతి లేనివాళ్లని ఉంచుకోరట. ఇంట్లో ఈ మనిషిని ఒక్కదాన్నే ఎలా తిప్పను? నా నడుమూ పడిపోయింది.”

సార్జెంటు ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టాడు.

గుమాస్తా గొంతు తగ్గించాడు. “మీ అప్పీళ్లు మా కొత్తవాళ్లకి నమూనాగా చూపిస్తాం సార్. కామా కూడా తప్పుండదు. కానీ కామాలు చూసి ఎవరిస్తారు? పక్క సీట్లో ఉన్నది మీరే కదా! మెల్లిగానే నడిపాడని ఒక్క ముక్క రాసి పడెయ్యొచ్చుగా?”

“నేను నిద్రలో ఉన్నాను. వాంగ్మూలంలో అదే చెప్పాను.”

“అన్నయ్యగారిచేత అబద్ధం రాయించకు నాయనా” అంది ఆమె. “తోడబుట్టినవాళ్లే మొహం చాటేశారు. ఈ అన్నయ్యగారే కుంటికాలితో పద్నాలుగేళ్లు ఈ మెట్లెక్కారు.”

గుమాస్తా నిట్టూర్చి ఒక కాగితం అందించాడు. కొత్త సాక్ష్యం ఉన్నట్లయితే విచారణ తిరిగి తెరుస్తారు. లేనట్లయితే ఫైలు శాశ్వతంగా మూసివేస్తారు. ఏ సంగతో ఈ పూటే రాసివ్వాలి.

కలం చాలాసేపు కాగితం మీద ఆగింది.

“పోనీండి అన్నయ్యగారూ” అంది ఆమె మెల్లగా. “లేనిది మీరు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు?”

సార్జెంటు ముత్యాల్లాంటి అక్షరాలతో ‘లేదు’ అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు.

ఆనాడు లారీ నడిపింది సార్జెంటే.