ముఖం తెలియాలి

లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించే టెలీకన్వర్టర్లు రెండు కౌంటరు మీద పెట్టాను. ఒకటి కెమెరా కంపెనీ ఒరిజినల్. రెండోది చవకది, బయటి కంపెనీది.

“ఏది తీసుకోమంటావు తమ్ముడూ? నాకు దూరం నుంచి ముఖం తెలిస్తే చాలు,” అన్నాడు కొనడానికి వచ్చినాయన.

లాభం ఎక్కువని, బయటి కంపెనీదే అంటగట్టమని వెనక నుంచి ఓనర్ కళ్లెర్రజేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. కొనేవాడికి టోపీ పెట్టడం నా వల్ల కాదు.

“ముఖమే కావాలంటే చవకదాని జోలికి పోకండి సార్. ఫోకస్ తడుముకుంటుంది, అంచులు అలుక్కుపోతాయి. ఒరిజినలే తీసుకోండి.”

“నిఖార్సయిన మనిషివయ్యా!” అంటూ ఆయన తన కెమెరాకి ఒరిజినల్ బిగించాడు. షాపు మెట్ల మీద నిలబడి, రోడ్డు చివర మిల్లు గేటు ముందు కూర్చున్న జనాన్ని ఫొటో తీశాడు. కెమెరా తెచ్చి నా ముందు పెట్టాడు.

“భేష్! ఈ సమ్మె చేయిస్తున్నదెవరో మా మేనేజరుకి అంతు చిక్కడం లేదు. రేపు ఈ ముఖాలు చూపిస్తే ఒక్కొక్కణ్ణీ పీకేస్తాడు.”

తెర మీద జెండా పట్టుకుని మా అన్న నవ్వుతున్నాడు.

“విరిగిన పన్ను కూడా తెలుస్తోంది చూడు! వీడెవడో ఎరుగుదువా?”

“తెలీదు సార్,” అన్నాను.