దారి చూపిన ఊరు

"ఒక్క పూట ఆగండయ్యా," అన్నాడు కొత్త మనిషి.

నొవ్‌గొరోద్ ఊరి సభ గంట అప్పుడే ఆగింది. జనం మంచులో కిక్కిరిసి ఉన్నారు.

మెట్ల మీద నిలబడ్డ ఊరిపెద్ద దొమజీర్ కిందికి చూశాడు. చిరుగుల గొర్రెతోలు కోటు, చలికి కమిలిన ముక్కు, చేతిలో కర్ర.

"ఎవడ్రా నువ్వు?"

"తోర్జోక్ దారిన వచ్చాను."

ఆ పేరు వినగానే దొమజీర్ ఒళ్లు మండింది. ఊరికి రావలసిన ధాన్యాన్ని శత్రువు ఆపేసింది అక్కడే. బందీలైన వర్తకుల్లో అతని తమ్ముడు నెజాత ఉన్నాడు. పండగలోగా విడిపిస్తానన్న కొత్త రాజు పండగ దాటినా పత్తా లేడు. ఊరేమో చెట్టుబెరడు కలిపిన రొట్టె తింటోంది.

ఆ ఊరికి రాజంటే కిరాయి గుర్రం. నచ్చితే పిలుస్తారు. నచ్చకపోతే గంట కొట్టి దారి చూపిస్తారు. ఈసారి ముఖమైనా చూడకుండానే గంట కొట్టారు.

"సాకులు చెప్పమని రాజు పంపాడా?"

"సాకు కాదయ్యా. సాయంత్రానికి..."

"నిద్ర లేస్తాడా?" అని అరిచాడు చేపలమ్మే ఒలిసెయ్.

జనం పగలబడి నవ్వారు.

"సాయంత్రానికి మీవాళ్లు వస్తారు."

"శత్రువు ఊరికే వదిలాడా?" దొమజీర్ ఒక మెట్టు దిగాడు. "నా తమ్ముణ్ని అడ్డం పెట్టుకుని ఆడుతున్నావేంట్రా? నీ పేరేంటి?"

అతను టోపీ కిందికి లాక్కున్నాడు.

"రాజు మనిషివేగా! శిలువను ముద్దాడి ఒట్టేసేదాకా ఈ సభలో రాజుకే నోరు లేదు. మా కట్టుబాటు తెలీదా?"

"తెలుసు."

"మరి నోర్మూసుకుని నడు. దారి నీది, ఊరు మాది అన్నామని చెప్పు ఆ పిరికిపందతో."

"తెలిసిపోతుంది లెండి," అన్నాడతను మెల్లగా.

జనం ఒక్క గొంతుతో రాజు వద్దని కేక పెట్టారు. కొత్త మనిషిని మంచుగడ్డలతో కొడుతూ వంతెన దాటించారు. ఒలిసెయ్ విసిరిన గడ్డకు అతని టోపీ ఎగిరిపోయింది. అతను వంగి తీసుకుని, దులుపుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా వంతెన అవతల మంచుబళ్లు కనిపించాయి.

ముందు పెద్ద నల్లగుర్రం మీద నెజాత. దొమజీర్ పరుగెత్తి తమ్ముణ్ని పట్టుకున్నాడు.

"ఎలా వచ్చార్రా? ఈ గుర్రం ఎవరిది?"

"రాజుగారిది. నా కాళ్లు మంచుకు చచ్చుబడిపోతే ఎక్కించి, మీకు కబురు చెబుతానని ఆయన ముందు నడిచొచ్చాడు."

దొమజీర్ చేయి తమ్ముడి మీంచి జారిపోయింది.

"ఆయన్నెందుకు పంపేశారన్నా? దారిలో ఎదురయ్యాడు. నేను దిగబోతే వద్దన్నాడు. ఊరేమంది అని అడిగితే, 'వెళ్లండి, మీవాళ్లు ఎదురుచూస్తున్నారు' అన్నాడంతే."

"ఎటు వెళ్లాడు?" అన్నాడు ఒలిసెయ్.

నెజాత వెనక్కి తిరిగి ఖాళీగా ఉన్న తెల్లటి దారి కేసి చూశాడు.

"ఇంకెటు? మా అందరికీ బదులుగా తోర్జోక్‌లో బందీగా వదిలొచ్చిన ఒక్కగానొక్క కొడుకు దగ్గరికి."