కారు లెక్కలో ఒకరెక్కువ

తక్కువ పెట్రోలుతో ఇంటికి చేర్చే దారి కారులో ఉన్న తెర బాగా చెబుతుందా, ఫోను బాగా చెబుతుందా అని మా బావకీ నాకూ పందెం. ఓడినవాడు నెల్లాళ్ళు రెండోవాడి కారు కడగాలి. నాది ఫోను పక్షం.

"ఫోనుకి నీ కారు సంగతేం తెలుసురా? కారుకైతే ఎంత బరువు మోస్తోందో కూడా తెలుసు" అంటాడు బావ.

పోయినవారం వానలో, ఇంటిదారిలోని క్వారీ రోడ్డు మలుపులో, ఒక ముసలాయన చెయ్యెత్తాడు. ఆపితే మైలేజీ పడిపోతుందని నేను ఆపలేదు. అద్దంలో చూస్తే, ఆయన ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. తెల్లారేసరికి అక్కడే పోయాడట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఈ రాత్రి మళ్ళీ అదే రోడ్డు. ఇల్లు చేరడానికి నాలుగు లీటర్లే పడుతుందని రెండు తెరలూ అన్నాయి. మలుపు దాటాక ఫోనులో అంకె కదల్లేదు. కారు తెర మీద అంకె మాత్రం పెరిగింది. వాన లేదు, అయినా వెనకసీటు వైపు నీటిబొట్లు రాలుతున్న చప్పుడు మొదలైంది.

వెనక్కి తిరిగి చూడలేక బావకి ఫోన్ చేశాను. అంకె పెరిగిందనగానే ఆయన నవ్వాడు.

"బరువు పెరిగిందన్నమాట. దారిలో ఎవర్నైనా ఎక్కించుకున్నావా, బామ్మర్దీ?"

"ఎవర్నీ ఎక్కించుకోలేదు బావా" అన్నాను సిగ్గుతో.

నా జవాబు కోసమే ఆగినట్టు, వెనక బొట్ల చప్పుడు ఆగిపోయింది.