తెగని లంకె

“మీ ఆయనకు మాటలు వినబడుతున్నాయి ఆలిస్ గారూ. వినబడటమే కాదు, అర్థమవుతున్నాయి కూడా,” అంది డాక్టర్ దేవిశ్రీ.

ఆలిస్ కుర్చీలో కూలబడింది. ఆమె వెనక నిలబడ్డ మరిది కాలేబు ఒక అడుగు వెనక్కి వేశాడు.

జెరెమియా మంచాన పడి అయిదు నెలలైంది. కళ్లు తెరుస్తాడు, మూస్తాడు. పిలిస్తే పలకడు, వేలు కదపడు. మెదడులో ఏ భాగం ఏ భాగంతో కలిసి పనిచేస్తోందో చూపే స్కానింగ్ సికింద్రాబాద్‌లోనే చేస్తున్నారని తెలిసి, అల్వాల్ నుంచి అంబులెన్సులో తీసుకొచ్చారు. వినే భాగానికీ ఆలోచించే భాగానికీ మధ్య లంకెలు తెగలేదని నిన్నటి స్కాన్‌లో తేలింది.

“అంటే నేను రోజూ తిట్టింది సుత విన్నడా?” అంది ఆలిస్.

రోజూ ఒళ్లు తుడుస్తూ ఆమె ఒకటే అడిగేది, అంత జోరుగా బండి ఎందుకు నడిపావు, మన పిల్ల మొహం గుర్తుకు రాలేదా అని. కాలేబు పక్కనే నిలబడి వినేవాడు. బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దినప్పుడు బండి నడుపుతున్నది కాలేబే. జెరెమియా బైకు వెనక సీట్లో కూర్చున్నాడు. కాలేబు స్కూలు బస్సు డ్రైవరు. కేసైతే లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది. పోలీసులు అడిగితే అన్నే నడిపాడని చెప్పేశాడు. అన్న ఎలాగూ బతకడనుకున్నాడు.

జెరెమియాను మళ్లీ మిషన్‌లోకి పంపి, చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్‌లో డాక్టర్ నెమ్మదిగా చెప్పింది. అవును అనాలంటే మీ ఇంట్లో గదిగదీ తిరుగుతున్నట్టు ఊహించుకోండి, కాదు అనాలంటే షటిల్ ఆడుతున్నట్టు ఊహించుకోండి అని. ఒక్కో ఊహకు మెదడులో ఒక్కో చోట కదలిక ఉంటుందట. అది కంప్యూటర్‌లో తేలడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

మీ అమ్మ పేరు రోసమ్మేనా అంటే అవునన్నాడు. మీ ఇల్లు సైనిక్‌పురిలోనా అంటే కాదన్నాడు. రెండూ సరైన జవాబులే. ఆలిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఒక్క మాట తాను అడుగుతానని మైకు ముందుకు వెళ్లింది.

“ఎప్పుడూ నలభై స్పీడు దాటనోడివి. ఆ రోజు బండి నిజంగా నువ్వే నడిపినవా?”

డాక్టర్ మైకు ఆపేసి తెర వైపు తిరిగింది. అద్దం అవతల మిషన్‌లోంచి అన్న పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. కాలేబు వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఇంకో అయిదు నిమిషాల్లో అన్న చెప్పేస్తాడు. అన్నతో చెప్పించుకోవడం కన్నా తానే చెప్పడం మేలనిపించింది.

“వదినా, బండి నేను నడిపిన,” అన్నాడు.

ఆలిస్‌కు మొదట అర్థం కాలేదు. అతడు లారీ సంగతీ, పోలీసుల సంగతీ, ఇన్నాళ్లూ నోరు తెరవకపోవడం, అంతా తల వంచుకుని చెప్పాడు. ఆమె కొట్టలేదు, అరవలేదు.

“అయిదు నెలలు నాతోని ఆయన్ని తిట్టిపిచ్చినవ్ గదా కాలేబూ,” అంది.

డాక్టర్ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. మళ్లీ తెర వైపు తిరిగి చాలాసేపు పరీక్షగా చూసింది.

“మూడుసార్లు సరిచూశానండీ, పొరపాటు లేదు,” అంది చివరికి. “బండి నడిపింది తనేనని జెరెమియా గారు చెబుతున్నారు.”